ఏఐని అడిగే ముందు మన జవాబు ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఇంటర్, డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్తాను. మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. ఆ తర్వాత నాకు వచ్చే ప్రశ్నల తీరే మారిపోయింది. ఇదివరకు "ఈ లెక్క వస్తలేదు సార్" అనేవాళ్ళు. ఇప్పుడు "ఫోన్ ఇట్ల చెప్పింది, కరెక్టేనా సార్" అంటున్నారు. తల్లిదండ్రులది వేరే టెన్షన్. మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్‌లో తెలుగు చెప్తుంది, ఆమెనూ ఇవే అడుగుతున్నారు. పదేపదే వచ్చేవాటికి మా ఇద్దరి జవాబులు కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా పిల్లల్ని ఏఐ వాడనివ్వాలా, వద్దా?

వాడనివ్వండి. నేను పెట్టే షరతు ఒక్కటే. ఫోన్‌ను అడిగే ముందు పిల్లల జవాబు కాగితం మీద ఉండాలి. తప్పయినా సరే, సగంలో ఆగిపోయినా సరే. రోజుకు ఎంతసేపు వాడారు, ఏ యాప్ వాడారు అనేవి నేను పెద్దగా పట్టించుకోను. లెక్క మీద ముందు ఎవరి చెయ్యి పడిందో అది చూస్తాను.

తన జవాబు రాసుకున్న పిల్లకు, ఏఐ చెప్పింది చదివేటప్పుడు పోల్చుకోవడానికి ఒకటుంటుంది. "నేను మూడో స్టెప్పులో తప్పానా?" అని వెతుక్కుంటుంది. ఏమీ రాసుకోకుండా అడిగిన పిల్లకు వచ్చినదల్లా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. తల ఊపి పేజీ తిప్పేస్తుంది. ఈ కింద ఏ ప్రశ్నకు జవాబు చెప్పినా నేను తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను.

జవాబు కరెక్టుగా వచ్చినప్పుడు ఎవరు చేస్తే ఏముంది సార్?

ఇది పిల్లలు అడిగేది. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు.

పోయినేడు ఒకబ్బాయి బై పార్ట్స్ లెక్క, అంటే గుణకారంలో ఉన్న రెండు ప్రమేయాలను విడదీసి ఇంటిగ్రేట్ చేసే లెక్క, చేసి తెచ్చాడు. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేయాలి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఒక్క కొట్టివేత లేదు. "ఎక్స్‌నే మొదటి ప్రమేయంగా ఎందుకు తీసుకున్నావు? ఈ పవర్ ఎక్స్‌ను తీసుకుంటే ఏమైతది?" అని అడిగాను. నోట్‌బుక్ చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ నోట్‌బుక్ చూశాడు. చేసి చూడమన్నాను. రెండు లైన్లు రాసేసరికి ఎక్స్ కాస్తా ఎక్స్ స్క్వేర్ అయి కూర్చుంది, లెక్క తగ్గకపోగా పెరిగింది. "ఓ, అందుకా" అన్నాడు. ఆ కారణం ఫోన్ ఇచ్చిన వివరణలోనూ ఉంది. అతను దాన్ని చూస్తూ కాపీ చేశాడు, అయినా కంట పడలేదు.

నా ఒక్కడి అనుభవమే అయితే ఇంత గట్టిగా చెప్పను. పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు తుర్కియేలోని ఒక హైస్కూల్‌లో దాదాపు వెయ్యి మంది పిల్లలతో, లెక్కల క్లాసుల్లోనే, ఇది పరీక్షించి చూశారు. ఫలితాలు 2024లో బయటికి వచ్చాయి. కొందరికి పుస్తకం, నోట్సు మాత్రమే ఇచ్చారు. కొందరికి చాట్‌జీపీటీ లాంటి టూల్ ఇచ్చారు. మూడో గుంపుకు, జవాబు నేరుగా చెప్పకుండా దారి మాత్రం చూపించే టూల్ ఇచ్చారు. ప్రాక్టీసులో మొదటి గుంపు కన్నా రెండో గుంపు 48 శాతం, మూడో గుంపు 127 శాతం మెరుగ్గా చేసింది. ఆ తర్వాత టూల్ తీసేసి పరీక్ష పెట్టారు. టూల్ ముఖమే చూడని పిల్లల కన్నా రెండో గుంపు 17 శాతం వెనకబడింది. మూడో గుంపుకు ఆ నష్టం దాదాపుగా లేదు. నాకు భయం వేసింది ఇంకో సంగతికి. రెండో గుంపు పిల్లలకు తాము తక్కువ నేర్చుకున్నామని అనిపించనే లేదు.

"చదివితే అంతా అర్థమవుతుంది" అంటుంది మా అమ్మాయి. పరీక్షలో మాత్రం రాదు. ఎందుకని?

చదవడం వేరు, మూసి రాయడం వేరు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్ళీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత అడిగితే చూడకుండా రాసినవాళ్ళు ముందుకొచ్చారు.

ఏఐ వివరణ నూనె రాసినట్టు సాఫీగా ఉంటుంది కాబట్టి, వచ్చేసిందన్న భ్రమ ఇంకా ఎక్కువ. ఇంట్లో ఒక పని చేయండి. వివరణ చదివాక ఫోన్ బోర్లా పెట్టించి, మీకు చెప్పమనండి. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ గొంతు తడబడుతుందో మీకే తెలిసిపోతుంది.

ఏఐ జవాబు, నా జవాబు వేరువేరుగా వస్తే ఏది నమ్మాలి?

రెండూ నమ్మొద్దు. చేతితో సరిచూడు. ఈ ఒక్క దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది పిల్లలు ఇక్కడే తమ మీద తాము నమ్మకం పోగొట్టుకుంటున్నారు.

ఇంటర్ సెకండియర్ అమ్మాయి ఒకామె నోట్‌బుక్ చూస్తున్నాను. ప్రశ్న ఇది: 0, 1, 2, 3, 4 అంకెలతో, ఏ అంకే రెండుసార్లు రాకుండా, ఎన్ని మూడంకెల సరిసంఖ్యలు వస్తాయి? ఆమె 30 అని రాసి, దాని మీద రెండు గీతలు కొట్టేసి, పక్కన 36 రాసింది. "ఎందుకు కొట్టేశావమ్మా?" అంటే, "ఫోన్‌లో 36 వచ్చింది సార్, నేనే ఎక్కడో తప్పి ఉంటా" అంది. తప్పెక్కడో దొరికిందా అని అడిగాను. దొరకలేదంది. తప్పు దొరకకుండానే తన జవాబును కొట్టేసుకుంది!

బోర్డు మీద ఇద్దరం కలిసి చేశాం. ఫోన్ చెప్పిన పద్ధతి ఇది: చివరి అంకె 0, 2, 4లో ఏదో ఒకటి, అంటే మూడు దారులు, మిగతా రెండు చోట్లకు నాలుగు, మూడు దారులు, ఈ మూడు సంఖ్యలనూ గుణిస్తే 36. వినడానికి ఎంత బాగుందో చూడండి. "సరే, ఆ 36లో 012 ఉందా?" అన్నాను. ఆమె చాక్‌పీస్ తీసుకుని వరసగా రాసింది: 012, 032, 042, 014, 024, 034. ఆరు. సున్నాతో మొదలైతే అది మూడంకెల సంఖ్య ఎలా అవుతుంది? 36లోంచి 6 పోతే 30. ఆమె మొదట చేసిందే సరైనది. సున్నాతో ముగిసేవి 12, రెండుతోగానీ నాలుగుతోగానీ ముగిసేవి 18 అని విడివిడిగా లెక్కపెట్టింది. అది ఫోన్ పద్ధతి కన్నా తెలివైన పద్ధతి.

కొత్తగా వస్తున్న మోడళ్ళు ఇలాంటి లెక్కల్లో తప్పడం బాగా తగ్గింది. అయినా నా జవాబు మారదు. నీ జవాబులో తప్పెక్కడో చూపించగలిగితేనే దాన్ని కొట్టెయ్. చూపించలేకపోతే రెండూ పక్కపక్కన అట్లనే ఉంచి నా దగ్గరికి తీసుకురా.

అంత ధీమాగా తప్పెలా చెప్తుంది? దానికి అన్నీ తెలుసంటారు కదా?

ఈ టూళ్ళు పనిచేసే తీరు అర్థమైతే ఈ ఆశ్చర్యం పోతుంది. వాటికి బోలెడంత రాత చూపించి, ఒక మాట ముక్క తర్వాత ఏ ముక్క రావడానికి అవకాశం ఎక్కువో అంచనా వేయడం నేర్పిస్తారు. సరైన వాక్యాన్ని రాసేదీ, తప్పు వాక్యాన్ని రాసేదీ ఆ ఒక్క పద్ధతే. అందుకే మాటలో వినిపించే ధీమాను బట్టి నిజమెంతో చెప్పలేం. ఇప్పుడు కొన్ని టూళ్ళు ఇంటర్నెట్‌లో వెతికి లింకులు కూడా ఇస్తున్నాయి, అది మంచిదే. కానీ ఆ లింకు తెరిచి, ఆ మాట అక్కడ ఉందో లేదో చూసే పిల్లలు నాకు చాలా తక్కువ మంది కనిపించారు.

మన ఊరి సంగతులే తీసుకోండి. పాత వరంగల్ జిల్లాను 2016లో విడగొట్టారు. అప్పుడు ఏర్పడిన జిల్లాల్లో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ ఉన్నాయి. 2021లో అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. ఇంటర్నెట్‌లో మూడు కాలాల రాతలూ కలిసిపోయి ఉన్నాయి. నా దగ్గర చదివే ఒకతను ఉద్యోగ దరఖాస్తు లేఖ ఏఐతో రాయించుకుంటే, అందులో వరంగల్ అర్బన్ జిల్లా అని వచ్చింది. పంపే ముందు వాళ్ళ బాపు చూసి ఆపాడు.

ఇంకొకటి. మా ఆవిడ క్లాసులో రామప్ప మీద ప్రాజెక్టు ఇచ్చింది. ముగ్గురు పిల్లలు, వేరువేరు ఇళ్ళల్లో, గుడిని రుద్రమదేవి కట్టించిందని రాసుకొచ్చారు. కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. 1213 నాటి శాసనం పాలంపేటలో గుడి ఆవరణలోనే ఉంది. రుద్రమదేవి పాలనకు అప్పటికి ఇంకా రమారమి యాభై ఏళ్ళుంది. కాకతీయులు అనగానే రుద్రమదేవి పేరే ఎక్కువ చోట్ల కనిపిస్తుంది కాబట్టి, ఆ పేరే వచ్చి పడింది. మా ఆవిడ ఆ ముగ్గురినీ తిట్టలేదు. ఒక ఆదివారం బస్సెక్కించి పాలంపేట తీసుకుపోయి ఆ శాసనం ముందు నిలబెట్టింది. యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన గుడి మనకు ఇంత దగ్గర్లో ఉంది. దాన్ని ఫోన్‌లో మాత్రమే చూసిన పిల్లలు క్లాసులో సగం మంది ఉండటం నాకు బాధగా అనిపిస్తుంది.

పెద్దవాళ్ళూ దీనికి అతీతులేం కారు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టుకు చూపించారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు.

తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో అడిగినంత బాగా చెప్తుందా?

మామూలు సంగతులు బాగానే చెప్తుంది, ఏడాదికేడాదికి మెరుగవుతుంది కూడా. కానీ అది చదివి నేర్చుకున్న దానిలో తెలుగు వాటా ఇంగ్లిష్‌తో పోలిస్తే చాలా చిన్నది. లోతుకు పోయేకొద్దీ అది బయటపడుతుంది.

మా ఆవిడ పరీక్ష ఒకటుంది. పదో తరగతి పిల్లలకు ఏఐతో ఒక ఆటవెలది రాయించమని, దానికి గురులఘువులు మీరు గుర్తించమని చెప్తుంది. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణమంటే మూడు లఘువులు, లేదా ఒక గురువు, ఒక లఘువు. పిల్లలు పెన్సిల్‌తో ఒక్కో అక్షరం మీద గుర్తు పెట్టుకుంటూ పోతుంటే రెండో పాదంలోనే గణం విరిగిపోతుంది. "టీచర్, ఇది ఆటవెలది కాదు!" అని అరుస్తారు. పోతన పుట్టిన నేల మనది అని వట్టిగా చెప్తే ఏ పిల్లాడికీ పద్యం రాదు. యంత్రం తప్పిన గణాన్ని తన పెన్సిల్‌తో పట్టుకున్న పిల్లాడు మాత్రం ఛందస్సు మర్చిపోడు.

ఇంకో బాధ కూడా ఉంది. ఏఐ రాసే తెలుగులో మన పలుకుబడి ఉండదు. సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, బడిలో ఉపన్యాస పోటీలు పెడతాం. పిల్లలు ఏఐ రాసిన ఉపన్యాసం బట్టీ పట్టి చెప్తుంటే, జనం పలుకుబడి కోసం జీవితమంతా కొట్లాడిన మనిషి గురించి ఏ ఊరిదీ కాని భాషలో వినాల్సి వస్తుంది. మీ అమ్మమ్మ ఎట్ల మాట్లాడుతుందో అట్ల రాయండని ఈసారి మా ఆవిడ చెప్పింది. రెండు ఉపన్యాసాలకు హాలంతా చప్పట్లు కొట్టింది.

మిర్చి చేనుకు ఏ మందు కొట్టాలో ఫోన్‌ను అడగొచ్చా?

పిల్లల తల్లిదండ్రుల్లో రైతులు ఎక్కువ, అందుకే ఇది నా దగ్గరికి కూడా వస్తుంది. నర్సంపేట వైపు మా చిన్నాయన రెండెకరాల మిర్చి వేస్తాడు. పోయిన సీజన్‌లో ఆకు ముడుచుకుంటే ఆయన కొడుకు పైనుంచి ఒక ఫొటో తీసి ఏఐని అడిగాడు. అది తెగులు పేరు, మందు పేరు, మోతాదు అన్నీ చెప్పేసింది. చిన్నాయన ఒక్కటే మాట అన్నాడు: "ఆకు తిప్పి చూడకుంట మందెట్ల చెప్తది బిడ్డా?"

ఆయనతో చేన్లోకి పోయాను. ఒక ఆకు తెంపి చూపించాడు. అంచులు పైకి లేచి పడవలా ఉంటే అది పై ముడత, తామర పురుగు పని. అంచులు కిందికి వంగి, పడవ బోర్లించినట్టు ఉంటే కింది ముడత, తెల్లనల్లి పని. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు, డబ్బులు నేలపాలు. ఆయన ఆకు ముడత కిందికి ఉంది, ఫోన్ చెప్పింది తామర పురుగు మందు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన మిర్చి రైతులను నిలువునా ముంచింది కాబట్టి, ముడత అనగానే అందరికీ ముందు అదే గుర్తొస్తుంది.

అడగండి, కానీ ముందు ఆకు తిప్పి చూసి, మీకు ఏమనిపిస్తుందో అది చెప్పి అడగండి. మందు, మోతాదు మాత్రం మనిషి దగ్గరే ఖాయం చేసుకోండి. మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెప్తారు.

కాలిక్యులేటర్ వచ్చినప్పుడు కూడా ఇట్లనే భయపడ్డారు కదా?

న్యాయమైన ప్రశ్నే. కాలిక్యులేటర్‌కు ఏది కూడాలో, ఏది గుణించాలో మనమే చెప్పాలి. ఆలోచన మనది, చాకిరీ దానిది. ఏఐకి ప్రశ్న మొత్తం అప్పజెప్తే ఆలోచన కూడా అటే పోతుంది. అదీ తేడా. ఇంకా, ఇంజనీరింగ్ ఎప్‌సెట్ హాల్లో కాలిక్యులేటరూ ఉండదు, ఫోనూ ఉండదు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి.

ఆఫీసులోనే వాడమంటున్నారు. అప్పుడేం చేయాలి?

మడికొండ ఐటీ పార్కులో పనిచేసే నా పాత విద్యార్థిని అడిగింది. పని వేగంగా అవుతుందట, కానీ కోడ్‌లో ఒక ఫంక్షన్ సొంతంగా రాసి ఎన్ని నెలలైందో గుర్తు లేదట. 2025లో మైక్రోసాఫ్ట్, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 319 మంది ఉద్యోగులను అడిగి చూశారు. ఏఐ మీద నమ్మకం ఎక్కువున్నవాళ్ళు తక్కువగా విమర్శించి చూస్తున్నారని, తమ నైపుణ్యం మీద నమ్మకమున్నవాళ్ళు ఎక్కువగా సరిచూస్తున్నారని తేలింది.

ఆమెకు చెప్పింది ఇది: కోడ్ అడిగే ముందు, ఏ ఇన్‌పుట్‌కు ఏ అవుట్‌పుట్ రావాలో నాలుగు కేసులు నువ్వే రాసుకో. వచ్చిన కోడ్‌ను వాటితో పరీక్షించు. వారానికి ఒక చిన్న పని మొత్తం సొంతంగా చెయ్. ఉద్యోగం పోతుందేమో అన్న భయానికి నా దగ్గర మందు లేదు గానీ, తను రాయించిన కోడ్‌ను తనే వివరించలేని పరిస్థితి రాకుండా చూసుకోవచ్చు.

ఏఐ రాసిన అసైన్‌మెంట్‌ను పట్టిచ్చే సాఫ్ట్‌వేర్ ఉందట కదా?

తోటి లెక్చరర్లు అడిగేది. దాని మీద ఆధారపడి ఏ పిల్లకూ సున్నా వేయకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే సొంతంగా అలాంటి టూల్ ఒకటి 2023 జనవరిలో తెచ్చి, సరిగ్గా గుర్తించలేకపోతోందని అదే ఏడాది జులైలో తీసేసింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని "ఈ పేరా ఎందుకు ఇక్కడ పెట్టావు?" అని అడగండి. రెండు నిమిషాలు చాలు.

దానికి ఏం చెప్పకూడదు?

ఆధార్ నంబర్, బ్యాంకు వివరాలు, ఓటీపీ, వేరేవాళ్ళ ఫొటోలు, ఇంటి గొడవలు. హాస్పిటల్ రిపోర్టు అర్థం చేసుకోవడానికి అడిగితే పేరు, ఫోన్ నంబర్ ఉన్న భాగం తీసేసి అడగండి. మందు మార్చడం, మానేయడం మాత్రం డాక్టర్‌ను అడక్కుండా వద్దు.

నాకే అలవాటైపోయింది సార్. అది తెరవకుండా ఒక లీవ్ లెటర్ కూడా మొదలుపెట్టలేకపోతున్నా. ఎట్ల?

డిగ్రీ అమ్మాయి ఈ మాట చెప్పేటప్పుడు తల దించుకుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు తల్లీ, నువ్వు కనిపెట్టుకున్నావు, అదే పెద్ద పని. ఒక్కసారిగా మానేయమని చెప్పను, రెండు రోజుల్లో మళ్ళీ మొదలవుతుంది. మొదటి వాక్యం మాత్రం పెన్నుతో రాయి. "సార్, మా నాయనమ్మకు బాగాలేదు, రేపు ఊరికి పోవాలి." చూడు, లెటర్‌లో కావాల్సిందంతా అందులోనే ఉంది. కష్టమైన లెక్క అయితే గడియారం చూసి పదిహేను నిమిషాలు దానితో కుస్తీ పట్టు, ఆ తర్వాత అడుగు. అడిగేటప్పుడు కూడా "జవాబు చెప్పు" అనొద్దు. "నేను ఇంతవరకు చేశాను, తర్వాతి స్టెప్పుకు చిన్న హింట్ మాత్రం ఇవ్వు" అను. తుర్కియే పిల్లల్లో నష్టపోని గుంపుకు ఇచ్చింది దాదాపు ఇలాంటిదే.

ఆమె మూడు వారాల తర్వాత వచ్చి, పదిహేను నిమిషాలు ఇప్పుడు ఐదు నిమిషాల్లా ఉన్నాయని చెప్పింది.

మీ ట్యూషన్‌లో ఫోన్ పెట్టుకోనిస్తారా?

మొదటి గంట ఫోన్లన్నీ తలుపు పక్కన గంపలో ఉంటాయి. చివరి ఇరవై నిమిషాలు తీసుకోవచ్చు. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ పిల్లలది, కుడి పేజీ ఏఐది. ముందు ఎడమ పేజీ నింపాలి, ఆ తర్వాత అదే లెక్క ఫోన్‌ను అడిగి కుడి పేజీలో రాయాలి. రెండింటికీ తేడా ఉన్న చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. మర్నాడు క్లాసు ఆ ఎర్ర సున్నాలతోనే మొదలవుతుంది. ఎడమ పేజీలో తప్పు జవాబుంటే ఏమీ అనను. ఖాళీగా ఉంటే మాత్రం ఆ రోజుకు ఫోన్ గంపలోనే ఉంటుంది.